ఫ్యాక్టరీ వీడియోకి మూడు కొటేషన్లు వచ్చాయి, ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను

జీడిమెట్ల_మార్కెటింగ్:

అందరికీ నమస్కారం. మాది జీడిమెట్లలో ఫార్మా మెషీన్లు తయారుచేసే చిన్న కంపెనీ. ఫ్లూయిడ్ బెడ్ డ్రయర్లు, టాబ్లెట్ కోటింగ్ మెషీన్లు, బ్లెండర్లు చేస్తాం. ఫ్లోర్ మీద 60 మంది, ఆఫీసులో 9 మంది. మార్కెటింగ్ చూసేది నేనొక్కదాన్నే. నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగే ఫార్మా ఎగ్జిబిషన్ సీపీహెచ్‌ఐ-పీమెక్‌లో ఈసారి స్టాల్ తీసుకున్నాం. అక్కడ టీవీలో వేయడానికి, వెబ్‌సైట్‌లో పెట్టడానికి, సేల్స్ వాళ్లు కస్టమర్లకు వాట్సాప్‌లో పంపడానికి ఒక కార్పొరేట్ వీడియో కావాలి.

మూడు కంపెనీలను అడిగాను. ఒకరు 1,75,000 అన్నారు. ఇంకొకరు 4,20,000, జీఎస్టీ అదనం. మూడో వాళ్లు 9,50,000. ముగ్గురూ కాగితం మీద రాసింది మాత్రం దాదాపు ఒకటే: 3 నిమిషాల కార్పొరేట్ ఫిల్మ్, 4కే, డ్రోన్, వాయిస్ ఓవర్, మ్యూజిక్. ఒకే పనికి ఇంత తేడా ఎందుకో మా ఎండీ గారికి చెప్పలేకపోతున్నాను. ఆయన "తక్కువకి చేసేవాళ్లకే ఇచ్చేయమ్మా" అంటున్నారు.

నా టెన్షన్‌కి కారణం ఉంది. రెండేళ్ల కిందట, నేను కొత్తగా చేరినప్పుడు, ఒక సంస్థతో వీడియో చేయించాం. పేరు చెప్పను. వాళ్ల షోరీల్ (పాత పనుల్లోంచి ఏరి కూర్చిన వీడియో) చూసి నేనే ఒప్పించాను. తీరా చేతికొచ్చిన వీడియోలో మా గేటు మీద డ్రోన్ 20 సెకన్లు తిరిగింది, ఎవరో విదేశీయులు సూట్లు వేసుకుని చేతులు కలిపారు, భూగోళం గిర్రున తిరిగింది. మా కోటర్ (కోటింగ్ మెషీన్) కనిపించింది మొత్తం కలిపి 15 సెకన్లు. ఆ 15 సెకన్లలోనే ఒక షాట్‌లో మా ఆపరేటర్ గ్లౌజు లేకుండా పాన్ (మాత్రలు తిరిగే డ్రమ్ము) లోపలికి చెయ్యి పెట్టాడు. చేతికి ఉంగరం కూడా ఉంది. షూటింగ్ రోజు నేను పక్కనే ఉన్నాను, చూడలేదు. ఎడిట్ చేసినవాళ్లకు అది తప్పని తెలియదు. వియత్నాం నుంచి వచ్చిన కస్టమర్ ఒకాయన మా ఆఫీసులో వీడియో చూస్తూ సరిగ్గా అక్కడే ఆపమని, "మీ దగ్గర ఇలాగే చేస్తారా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏడాది గడిచాక యూట్యూబ్‌లో ఆ మ్యూజిక్ మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. మ్యూజిక్ మార్చి, ఆ షాట్ తీసేసి మళ్లీ ఇవ్వమని అడిగితే, "ఫుటేజ్ లేదండీ, డిస్క్ ఫార్మాట్ అయిపోయింది" అన్నారు.

ఈసారి అలా జరగకూడదు. కంపెనీని ఏం చూసి ఎంచుకోవాలి? ఏమేం అడగాలి? ఇలాంటివి చేయించినవాళ్లు, చేసినవాళ్లు ఉంటే చెప్పండి.


ఆటోనగర్_విజయవాడ:

మేడమ్, మాది లారీలకు బాడీ కట్టే యూనిట్. మేం ఎవరికీ ఇవ్వలేదు. మా అబ్బాయి ఫోన్‌తో తీస్తాడు, ఒక కాలర్ మైక్ కొన్నాం. ఛాసిస్ వచ్చిన రోజు నుంచి పెయింటింగ్ అయ్యేదాకా రోజుకో నిమిషం చొప్పున తీసి పెడతాడు. ఒడిశా నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. కాబట్టి అన్నీ కంపెనీకే ఇవ్వాలని లేదు. ఫిల్టర్ బ్యాగ్ ఎలా మార్చాలి, గ్యాస్కెట్ ఎలా వేయాలి, ఇలాంటి సర్వీస్ వీడియోలకు మీ మెకానిక్, మీ ఫోన్ చాలు. ఆ డబ్బంతా ఎగ్జిబిషన్ వీడియోకి మిగుల్చుకోండి. దానికి మాత్రం తెలిసినవాళ్లే కావాలి.


కెమెరా_వెనక:

అమ్మా, నేను 17 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట అసిస్టెంట్ కెమెరామన్, తర్వాత కెమెరామన్, ఇప్పుడు ఐదుగురితో చిన్న యూనిట్ నడుపుతున్నాను. ఎక్కువగా ఫ్యాక్టరీలే తీస్తాను. మీ పనికి నేను కొటేషన్ వేయను, ఊరికే తెలిసింది చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు రేట్ల సంగతి. 3 నిమిషాలు, 4కే అన్న మాటలను బట్టి ధర రాదు. ఎన్ని కాల్షీట్లు (షూటింగ్ రోజులు), ఎంతమంది మనుషులు, లైట్లు ఉన్నాయా లేవా, ఎడిట్ ఎన్ని రోజులు, డీఐ (రంగులు సరిదిద్దడం) ఎవరు చేస్తారు, వీటిని బట్టి వస్తుంది. 1,75,000కి మామూలుగా ఒక రోజు, ఒక కెమెరా, ఇద్దరు ముగ్గురు మనుషులు వస్తారు. మీ ట్యూబ్‌లైట్ల వెలుతురులోనే తీసేస్తారు. 9,50,000లో మధ్యలో ఏజెన్సీ వాటా ఉండొచ్చు, మోడళ్లు ఉండొచ్చు, త్రీడీ యానిమేషన్ ఉండొచ్చు. ముగ్గురికీ ఒకే కాగితం మీద ఈ ప్రశ్నలు రాసి పంపండి, విడివిడిగా అంకెలు వేసి ఇమ్మనండి. జీఎస్టీ కలిపారో లేదో కూడా రాయమనండి. 4,20,000 మీద 18 శాతం అంటే ఇంకో 75,600. ఇవి చేతికొస్తే మీ ఎండీ గారికి చెప్పడం తేలిక.

షోరీల్ పక్కన పెట్టండి. పది వీడియోల్లోంచి రెండేసి సెకన్లు ఏరి, మంచి మ్యూజిక్ మీద కూర్చితే ఎవరిదైనా బాగుంటుంది. నావీ బాగుంటాయి. ఏదైనా మెషీన్ కంపెనీకో, ఫార్మాకో చేసిన వీడియో ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా చూపించమనండి. వీలైతే ఆ కంపెనీ మనిషితో ఫోన్‌లో మాట్లాడండి. "మళ్లీ వాళ్లకే ఇస్తారా?" అని అడగండి.

ఇప్పుడు అసలు విషయం. మీ మెషీన్లు స్టెయిన్‌లెస్ స్టీలు, మిర్రర్ పాలిష్. అంటే అది అద్దం. దాని ముందు కెమెరా పెడితే కెమెరా, కెమెరామన్, వెనకాల నిలబడ్డ మీరు, పైన లైట్లు, అందరూ అందులో కనిపిస్తారు. గాజు మీదా నీళ్ల మీదా ప్రతిబింబాన్ని పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తుంది కానీ, పాలిష్ చేసిన లోహం మీద అది పెద్దగా పనిచేయదు. పెద్ద తెల్ల గుడ్డలు కట్టి, వాటి వెనక నుంచి లైటు కొట్టి, కెమెరాని నల్లగుడ్డతో కప్పి తీయాలి. ఒక్కో యాంగిల్‌కి గంట పడుతుంది. అందుకే ఒక్క రోజులో అయిపోతుందన్నవాళ్లు మీ మెషీన్‌ని ఇంకా చూడలేదని అర్థం. ముగ్గురినీ "ఈ స్టీలు మెరుపుని ఎలా తీస్తారు?" అని అడగండి. "పోస్ట్‌లో చూసుకుంటాం" (అంటే ఎడిటింగ్‌లో) అని ఎవరన్నా అంటే వాళ్లకు ఇవ్వకండి.

రెండో ప్రశ్న ఫ్లోర్ మీది ఎల్‌ఈడీ లైట్ల గురించి. మన కరెంటు 50 హెర్ట్జ్. అందువల్ల చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు, 50వ వంతు షట్టర్‌తో తీస్తే గొడవ ఉండదు. సినిమా లుక్ కోసమని 24 పెట్టి షట్టర్ సరిచూసుకోకపోయినా, స్లో మోషన్ అని 120 పెట్టినా వెలుతురు దడదడలాడే ప్రమాదం ఉంది. పనితనం తెలిసినవాడు రెక్కీకి (షూటింగ్‌కి ముందు స్థలం చూసుకోవడానికి) వచ్చినప్పుడే మీ లైట్ల కింద ఒక నిమిషం తీసి చూసుకుంటాడు. నేను 2011లో ఒక ప్యాకింగ్ లైన్‌లో ఇది చూసుకోకుండా రోజంతా తీశాను. మళ్లీ నా ఖర్చుతో ఇంకో రోజు తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి రెక్కీ లేకుండా ఏ ఫ్యాక్టరీలోనూ కెమెరా తీయలేదు.

మూడోది, వచ్చేది ఎవరు? హైదరాబాద్‌లో కెమెరామన్లకు సినిమాలు, వెబ్ సిరీస్‌లు ఉంటాయి. అక్కడ డేట్లు పడితే కార్పొరేట్ పనికి అసిస్టెంట్ వస్తాడు. అందులో మోసమేం లేదు, కానీ మీకు ముందే తెలియాలి. కెమెరామన్ ఎవరు, ఎడిటర్ ఎవరు అన్నది అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మారిస్తే మీకు చెప్పి మార్చాలని కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి చెప్తున్నాను. ముగ్గురినీ ఒక్కో పూట మీ ఫ్లోర్ మీదికి పిలవండి. ఊరికే వద్దు, ఒక్కొక్కరికి పదివేలో పదిహేనువేలో రెక్కీ ఫీజు ఇవ్వండి, పని ఇచ్చినవాళ్లకు బిల్లులో తగ్గించుకోవచ్చు. కోటర్‌ని ప్లాసిబో (మందు లేని) మాత్రలతో నడిపి చూపించండి. పాన్ తిరుగుతుంటే మాత్రలు జలపాతంలా జారడం, గన్లు స్ప్రే చేయడం, తెల్లటి మాత్ర గంటసేపట్లో మెల్లగా రంగెక్కడం. మీ వీడియో అంటే అదే అమ్మా. కెమెరాని ఒకే చోట బిగించి, వెలుతురూ రంగూ లాక్ చేసి, గంటన్నర టైమ్‌ల్యాప్స్ తీసి 8 సెకన్లకు కుదిస్తే, కొనేవాడు నిలబడి చూస్తాడు. అన్ని మాత్రలకూ రంగు సమానంగా పట్టిందా లేదా అన్నదే అతని బెంగ. అది కళ్లముందు కనిపిస్తుంది. అలాగే డ్రయర్‌లో సైట్ గ్లాస్ (లోపలికి చూసే గాజు కిటికీ) లోంచి పౌడర్ పాలపొంగులా లేవడం. మీరు రోజూ చూస్తారు కాబట్టి మీకు మామూలు. బయటివాడికి అది అద్భుతం.

ఆ పూట వాళ్లు ఏం చేస్తారో గమనించండి. మెషీన్ ముందు ఎంతసేపు నిలబడ్డారు? ఆపరేటర్‌తో మాట్లాడారా? కొనేవాడు ఏం చూస్తాడని అడిగారా, లోగో ఏ రంగని మాత్రమే అడిగారా? నేనైతే దాన్ని బట్టే ఎంచుకుంటాను.

డ్రోన్ వద్దనే అంటాను. మీ ఏరియాకి ఒకవైపు బేగంపేట, ఇంకోవైపు హకీంపేట, పైన దుండిగల్, మూడూ విమానాలు దిగే చోట్లే. ఎగరేయాలనుకుంటే ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ స్థలం ఏ జోన్‌లో ఉందో చూడాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో వ్యాపారానికి పనిచేసే పైలట్‌కి సర్టిఫికెట్ ఉండాలి. అంత శ్రమపడి షెడ్డు కప్పు రేకులు చూపించి ఏం లాభం?

గ్లౌజు సంగతి. షూటింగ్ రోజు మానిటర్ పక్కన మీ క్యూఏ (క్వాలిటీ చూసే) మనిషిని కూర్చోబెట్టండి. ఆయన సరే అంటేనే తర్వాతి షాట్. క్యాప్ కిందనుంచి జుట్టు, వాచీ, ఉంగరం, మాస్క్ ముక్కు కిందికి జారడం, మాకు ఇవేవీ కళ్లకు ఆనవు. అలాగే ఫ్లోర్ మీద ఇతర కస్టమర్ల మెషీన్లు ట్రయల్‌కి నిలబడి ఉంటాయి కదా, వాటి నేమ్ ప్లేట్లు కప్పేయండి. ఒకరి ఆర్డర్ ఇంకొకరి కంటపడితే మీకే ఇబ్బంది.


జీడిమెట్ల_మార్కెటింగ్:

సార్, రెండుసార్లు చదివాను. నేమ్ ప్లేట్ల సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు కూడా ఫ్లోర్ మీద ఒకరికొకరు పోటీ అయిన ఇద్దరు కస్టమర్ల మెషీన్లు పక్కపక్కనే ఉన్నాయి. పాత వీడియోలో నిజంగానే ఒక పేరు కనిపిస్తోంది, ఇందాక చూశాను. వెంటనే వెబ్‌సైట్‌లోంచి తీయించేశాను.

ఫుటేజ్, మ్యూజిక్ సంగతి ఎలా రాయించుకోవాలి? డబ్బు ఇచ్చింది మేమే కదా, ఫుటేజ్ మాది కాదా?


లీగల్_సైడ్:

ఆ ప్రశ్నకు నేను చెప్తాను. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ చేయిస్తే, వేరే ఒప్పందం లేనంత వరకు చేయించినవాళ్లే మొదటి యజమాని. వీడియో కూడా దీని కిందికే వస్తుంది. "వేరే ఒప్పందం లేనంత వరకు" అన్నచోటే జాగ్రత్త పడాలి. చాలామంది ప్రొడక్షన్ వాళ్ల కొటేషన్ వెనక పేజీలో చిన్న అక్షరాలతో హక్కులు తమవేనని ఉంటుంది. అది చదవకుండా సంతకం పెడితే పోయినట్టే.

ఇంకొకటి, పూర్తయిన వీడియో మీదే అయినా, తీసిన మొత్తం ఫుటేజ్‌ని దాచి మీకు అప్పగించాలని చట్టం వాళ్లను కట్టిపడేయదు. అది విడిగా రాయించుకోవాలి. ఫలానా తేదీలోపు మొత్తం ఫుటేజ్, ప్రాజెక్ట్ ఫైళ్లు మేమిచ్చిన హార్డ్ డిస్క్‌లో వేసి ఇవ్వాలి, అప్పుడే చివరి విడత డబ్బు, అని.

మ్యూజిక్, వాయిస్ ఓవర్ హక్కులు వేరు. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. సెక్షన్ 30ఏ వల్ల లైసెన్సుకీ ఇదే వర్తిస్తుంది. మీరు ఎగుమతులు చేస్తారు కాబట్టి "ప్రపంచమంతటా, ఇంటర్నెట్‌తో సహా" అని తప్పకుండా రాయించండి. మ్యూజిక్ ఎక్కడ కొన్నారో ఆ లైసెన్సు కాగితం మీ కంపెనీ పేరు మీద తీసుకోండి. యూట్యూబ్‌లో క్లెయిమ్ వస్తే చూపించాల్సింది అదే.


చర్లపల్లి_ఎక్స్‌పోర్ట్స్:

ఎగ్జిబిషన్‌కి నేను వరసగా వెళ్తున్నాను కాబట్టి ఒక మాట. హాల్లో ఆ గోలకి మీ వాయిస్ ఓవర్ ఎవరికీ వినిపించదు. స్టాల్ ముందు నడిచేవాడు ఆగేది ఐదారు సెకన్లు. స్టాల్ కోసం 60 నుంచి 90 సెకన్ల వెర్షన్ వేరుగా చేయించండి. మాటలు లేకుండా, పెద్ద అక్షరాలతో, ఎక్కడ మొదలుపెట్టి చూసినా అర్థమయ్యేలా, ఆగకుండా తిరిగేలా. పూర్తి వీడియో వెబ్‌సైట్‌కి. వాట్సాప్‌కి నిలువు వెర్షన్. ఈ మూడూ మొదటి కొటేషన్‌లోనే ఉండాలి, తర్వాత అడిగితే ఒక్కోదానికి విడిగా బిల్లు వేస్తారు.

అక్షరాలు లేని క్లీన్ కాపీ, మాటలు లేకుండా మ్యూజిక్, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ కూడా తీసుకోండి. మన డబ్బింగ్ వాళ్లు ఎం అండ్ ఈ అంటారు. రేపు పశ్చిమ ఆఫ్రికా కస్టమర్ ఫ్రెంచ్‌లో అడిగితే మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు.

స్టాల్‌లో అద్దెకిచ్చే టీవీ కొన్ని 4కే ఫైళ్లు ఆడించదు. మామూలు ఫుల్ హెచ్‌డీ ఎంపీ4 ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. మొదటిసారి నేను ఉదయం 9 గంటలకు తెల్లబోయి నిలబడ్డాను.


జీడిమెట్ల_మార్కెటింగ్:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఎండీ గారిని ఒప్పించి ముగ్గురికీ రెక్కీ ఫీజు ఇచ్చాం.

9,50,000 వాళ్ల తరఫున బిజినెస్ చూసే ఆయన వచ్చారు. కెమెరామన్ రాలేదు. కాన్ఫరెన్స్ రూమ్‌లోనే 40 నిమిషాలు మాట్లాడి, ఫ్లోర్‌ని తలుపు దగ్గర నుంచి చూసి వెళ్లారు. 4,20,000 వాళ్లు నలుగురు వచ్చారు, మర్యాదస్తులు, కానీ ఎక్కువసేపు ఎండీ గారి స్పీచ్ ఎక్కడ తీయాలన్న దాని మీదే గడిచింది. స్టీలు గురించి అడిగితే పోలరైజర్ పెడతామన్నారు.

1,75,000 అన్న అబ్బాయి ఒక్కడే వచ్చాడు. నేను ఆశ పెట్టుకోలేదు. షూ కవర్లు వేసుకుని కోటర్ ముందు గంటంబావు నిలబడ్డాడు. మా ఆపరేటర్‌ని "అన్నా, ఇందులో తప్పు జరిగితే ఎక్కడ తెలుస్తుంది?" అని అడిగాడు. ఆయన ఈ కంపెనీలో 22 ఏళ్లుగా ఉన్నారు. మాత్రలు ఒకదానికొకటి అంటుకోవడం, అంచులు విరగడం, అన్నీ చేత్తో చూపించి చెప్పారు. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ అబ్బాయి లైట్ల కింద తీసి చూసుకున్నాడు, ఒక వరస ఎల్‌ఈడీలు కెమెరాలో ఆడుతున్నాయని చూపించాడు. మర్నాడు ఫోన్ చేసి, "మేడమ్, నా కొటేషన్ తప్పు. చూడకుండా వేశాను. ఇది ఒక రోజు పని కాదు, రెండున్నర కాల్షీట్లు, లైట్ల యూనిట్ అద్దెకి తేవాలి, 3,10,000 అవుతుంది. డ్రోన్ తీసేశాను. కాదంటే ఏమీ అనుకోను" అన్నాడు.

రేటు దాదాపు రెట్టింపు చేసినవాడికి ఇద్దామని ఎండీ గారి దగ్గరికి వెళ్లడానికి భయపడ్డాను. ఆపరేటర్‌ని కూడా వెంట తీసుకెళ్లాను. ఆయనే చెప్పారు: "ఆ పిల్లాడికి మెషీన్ అర్థమైంది సార్." ఎండీ గారు ఇంకేమీ అడగలేదు.

అగ్రిమెంట్‌లో మీరందరూ చెప్పినవి రాశాం. 40 శాతం అడ్వాన్స్, షూటింగ్ అయ్యాక 30, హార్డ్ డిస్క్‌తో పాటు మూడు వెర్షన్లూ ఇచ్చాక 30. మార్పులు రెండు విడతలు, మా తరఫున చెప్పేది నేనొక్కదాన్నే. రఫ్ కట్ (మొదటి ముడి ఎడిట్) ఎండీ గారికి ముందే చూపిస్తాను.


కెమెరా_వెనక:

చాలా సంతోషం అమ్మా. చూసొచ్చి "నా కొటేషన్ తప్పు" అని చెప్పినవాడు షూటింగ్‌లో కూడా తప్పు దాచడు. అతనికి నా తరఫున ఒక మాట చెప్పండి: టైమ్‌ల్యాప్స్‌కి లేత పసుపు కోటింగ్ వద్దు, కెమెరాకి తెల్ల మాత్ర మీద తేడా తెలియదు. ముదురు రంగు తీసుకోమనండి. సైట్ గ్లాస్‌ని లోపలి వైపు కూడా తుడిపించండి.


జీడిమెట్ల_మార్కెటింగ్:

స్టోర్‌లో ఇటుక ఎరుపు రంగు కోటింగ్ మెటీరియల్ ఉంది సార్. శుక్రవారం మధ్యాహ్నం ప్లాసిబోతో ఒక ట్రయల్ బ్యాచ్ వేస్తున్నాం, ఆ అబ్బాయి కెమెరా తెస్తున్నాడు. క్యూఏ సార్‌కి మానిటర్ పక్కన కుర్చీ వేయించాను.